ర్యాంపు చివర గడప

ఆ కమిటీలో నన్ను వేసింది నా చదువు చూసి కాదు. నేను మూడో తరగతి మధ్యలోనే పలక పక్కన పెట్టినదాన్ని. మా పొదుపు సంఘం డబ్బు నా చేతిలో ఉన్నన్నాళ్లూ ఒక్క రూపాయి దారి తప్పలేదని ఊళ్ళో పేరు. పిసినారి అని ఇంకో పేరూ ఉంది. రెండూ నిజమే కాబట్టి నేనెప్పుడూ నొచ్చుకోలేదు.

ఊళ్ళోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. కాళ్లు లేనివాళ్లూ చూపు లేనివాళ్లూ నలుగురితో పాటు తిరగడానికి వీలుగా ఊళ్ళల్లో ఏదైనా కట్టుకుంటే గ్రాంటు ఇస్తామని రాజమండ్రిలో ఒక సంస్థ ముందుకొచ్చింది. ఎవరికివ్వాలో తేల్చడానికీ, ఇచ్చాక పని సరిగ్గా అయిందో లేదో చూడ్డానికీ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఒక కమిటీ వేసింది. సంస్థ తరఫున ఒక ఆఫీసరమ్మ, రిటైరైన హెడ్మాస్టారు ఒకరు, మూడోదాన్ని నేను.

“నిన్నెందుకు వేశారో తెలిసిందా?” అన్నారు మా ఇంటాయన. “నువ్వు ఎవరికీ ఏమీ ఇవ్వవు కదా. గ్రాంటు మొత్తం మిగిలిపోతుందని వాళ్ల ఆశ.”

అర్జీలు మాస్టారు మా వసారాలో కూర్చుని పైకి చదివేవారు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ వినేదాన్ని. ఒక ఊరివాళ్లు కల్యాణమండపం ముందు గచ్చు చేయించి, దానికో ర్యాంపు పెట్టమన్నారు. ఇంకో ఊరివాళ్లకి పంచాయతీ ఆఫీసుకి రంగులు కావాలి, రంగులతో పాటు ఒక ర్యాంపు. వికలాంగ సోదర సోదరీమణుల సర్వతోముఖాభివృద్ధి అనే మాట అన్ని అర్జీల్లోనూ ఒకేలా ఉంది. అందరికీ ఒకే మనిషి రాసిపెట్టాడేమో.

“మాస్టారండీ, ఆ ర్యాంపు ఎవరెక్కుతారట?”

“వికలాంగులండి.”

“ఏ వికలాంగులు? వాళ్ల ఇంటిపేరేంటి? ఏ వీధి?”

“అది రాయలేదండి.”

“అయితే పక్కన పెట్టండి.”

ఆఫీసరమ్మకి ఈ పద్ధతి నచ్చలేదు. ఆవిడ దగ్గర మార్కుల కాగితం ఉంది. అవసరానికి ఇన్ని, ఊరివాళ్ల శ్రమదానానికి ఇన్ని, పదికాలాలు నిలిచేదైతే ఇన్ని. “పేరు చెప్పకపోయినా మార్కులు వెయ్యొచ్చండి మామ్మగారూ” అనేది. ఎక్కే మనిషెవరో తెలియకుండా ర్యాంపుకి మార్కులెలా వేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పెళ్లికూతురు ఎవరో తెలియకుండా గాజులు కొన్నట్టు.

మా ఊరి అర్జీలో మాత్రం మనిషి ఉంది. మా వీధి చివర ఉండే అమ్మాయి, ముప్ఫై దాటింది. పసితనంలో పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీద తిరుగుతుంది. జాకెట్టు కుట్టిందంటే చంక దగ్గర ఒక్క ముడత రాదు. మిగిలిన గుడ్డ ముక్కలు కూడా అడక్కుండానే పొట్లం కట్టి ఇచ్చేది. అందుకే నాకు ఆ అమ్మాయంటే గురి.

మా ఊరి మహిళా భవనంలో కుట్టు కేంద్రం పెట్టారు. కరెంటు మిషన్లు వచ్చాయి, బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని మా సంఘాలకి వచ్చింది. మిషన్లు బయటికి ఇవ్వరు, అక్కడికొచ్చే కుట్టాలి. భవనం కాలవగట్టు పక్కన ఉంది. వరద నీళ్లు ఎక్కకుండా పునాది నడుమెత్తున లేపారు. ఎక్కాలంటే మెట్లు.

“మెట్ల మీద పాకి రానండి మామ్మగారూ” అని ఆ అమ్మాయి ముందే చెప్పేసింది. “బడికి పాకాను, రేషన్ షాపుకి పాకాను. చిన్నదాన్ని కాబట్టి సరిపోయింది. ఇప్పుడు చీర కట్టుకుని అంతమంది ముందు పాకలేను. నా బండి ఎంతవరకు పోతే నేనూ అంతవరకే.”

ర్యాంపు వస్తే ఆ అమ్మాయికి మిషను దక్కుతుంది. రాకపోతే బడులు తెరిచేలోపు ఆ మిషను ఇంకొకరికి పోతుంది. నేను ఆ అర్జీ కోసం గట్టిగా నిలబడ్డాను. మన ఊరు కదాని నిలబడ్డారా అని మాస్టారు ఒకసారి అన్నారు కానీ, అర్జీలో మనిషి కనపడిందని ఆయనా ఒప్పుకున్నారు. గ్రాంటు వచ్చింది.

ర్యాంపు బాగానే కట్టారు. దానికి వంక పెట్టను. ఇసకలో మట్టి కలిసిందంటే ఒక బండి వెనక్కి తిప్పించాను. కట్టాక గడ్డి పరిపించి, పొద్దున్నా సాయంత్రం నేనే దగ్గరుండి తడిపించాను. నీళ్లు కాలవవే కాబట్టి ఖర్చు లేదు. వాలు నిదానంగా ఉంది, పక్కన పట్టుకోవడానికి ఇనప కమ్మీ పెట్టారు. బండి పట్టేంత వెడల్పు లేదని పాత గుమ్మం తీసేసి, పెద్ద గుమ్మం పెట్టించాలనుకున్నారు. మా వైపు సర్పంచిని ప్రెసిడెంటుగారనే పిలుస్తాం. ఆయన తన దొడ్లో కొట్టించిన టేకు ఇచ్చారు. దాంతో శ్రమదానం మార్కులు కూడా మా ఊరికి పెరిగాయి.

ముహూర్తం చూసి ద్వారబంధం నిలబెట్టారు. గడప కింద నవధాన్యాలూ రాగి నాణెమూ వేశారు. గడపకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నేనూ అక్కడే ఉన్నాను. గడప లేకుండా గుమ్మం పెట్టించడం మా వైపు ఎవరూ ఎరగరు. వడ్రంగికి ఎవరూ చెప్పక్కర్లేదు, అతను ఎవర్నీ అడగక్కర్లేదు. గుమ్మమంటే నాలుగు చెక్కలు, కిందది గడప. టేకు మంచిదని దాన్ని ఇంకాస్త మందంగా చేశాడు. చూసినవాళ్లంతా గుమ్మం ఎంత నిండుగా ఉందో అన్నారు.

ప్రారంభం రోజున టౌను నుంచి ఫోటోగ్రాఫరు వచ్చాడు. ఆ అమ్మాయి కొత్త చీర కట్టుకుంది. బండికి బంతిపూల దండ చుట్టారు. ప్రెసిడెంటుగారు రిబ్బను కత్తిరించారు. ఆ అమ్మాయి ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకుండా తనే బండి తిప్పుకుంటూ ర్యాంపు ఎక్కింది. జనం చప్పట్లు కొట్టారు. పైకి చేరింది, ముందు చక్రం గడపకి తగిలి ఆగింది. కాస్త వెనక్కి జరిగి ఊపుగా మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగింది.

“ఏంటి, ఆగిపోయిందేంటి?” అన్నారు వెనకాల నుంచి.

“గడపండి.”

“చూస్తారేంటర్రా, ఓ చెయ్యెయ్యండి” అన్నారు ప్రెసిడెంటుగారు.

మగవాళ్లు నలుగురు వచ్చి, మనిషితో సహా బండిని ఎత్తి లోపల పెట్టారు. చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. ఫోటో తీశారు. ఉపన్యాసాలు అయ్యాక పులిహోర పంచారు. అందరూ ఆకులు పట్టుకుని బయటికి వచ్చేశారు. నేను లోపలికి వెళ్లి చూస్తే ఆ అమ్మాయి గుమ్మం వైపు తిరిగి బండిలో అలాగే కూర్చుని ఉంది.

“పులిహోర తెచ్చిపెట్టనా?” అన్నాను.

“పులిహోర వద్దండి మామ్మగారూ. నన్ను బయట పెట్టే మనుషుల్ని పిలవండి.”

వాళ్లు తిని, చేతులు కడుక్కుని వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. కిందికి దిగాక నా వైపు చూడకుండా అంది. “పాకడమైతే నా అంతట నేను పాకేదాన్ని. ఇప్పుడు రావాలన్నా పోవాలన్నా నలుగురు మగాళ్లు కావాలి. మీరంతా మార్కులేసి తెచ్చింది ఇదేనాండీ?”

మర్నాడు పొద్దున్నే ప్రెసిడెంటుగారింటికి వెళ్లాను. గడప కోయించమన్నాను. ఆయన నోట్లో కాఫీ ఆగిపోయింది.

“కోయించడమా? అవేం మాటలండీ మామ్మగారూ. పసుపు రాసి నిలబెట్టిన గడప. వారం తిరక్కుండా రంపం పెట్టిస్తే నన్ను ఊళ్ళో ఉండనిస్తారాండీ?”

“మీ ఇంటి గడప కొయ్యమనలేదుగా.”

“టేకు మాదేనండి మరి.”

సంఘం ఆడవాళ్లని కూర్చోబెట్టి అడిగాను. గడప తీస్తే భవనానికి కళ పోతుందన్నారు. ఎవరికి ఏ కీడు జరిగినా ఆ మాటే వస్తుందన్నారు. “బ్యాంకుకి గడపుందా? పోస్టాఫీసుకుందా? రైలు పెట్టెకుందా?” అన్నాను.

“సినిమాహాలుకి కూడా లేదండి, అందుకే మూతపడింది” అందొకావిడ. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నా ఇంటి గడపకి ప్రతి శుక్రవారం పసుపు రాసేదాన్ని నేను. దాని మీద కాలు పెట్టినా, కూర్చున్నా, మా పిల్లల్నే కాదు వచ్చిన చుట్టాల్ని కూడా ఊరుకోను. ఇది ఇల్లు కాదు. ఇక్కడ పొయ్యి లేదు, పురుడు లేదు, పెళ్లి లేదు. కుట్టు మిషన్లున్నాయి. ఈ తేడా ఒక్కళ్లకీ ఎక్కలేదు. చివరికి పురోహితుడుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఔనంటే వీళ్ళ నోళ్లు మూతపడతాయని నా ఆలోచన.

“దుకాణాలకీ సావిళ్లకీ గడప లేకపోయినా దోషం లేదమ్మా” అన్నారాయన.

“అయితే తీయించెయ్యమని మీ నోటితో చెప్పండి.”

“అదే చెప్తున్నాను వినండి. పెట్టకపోతే దోషం లేదు. పెట్టింది తీస్తే ఉంది.”

“మరి ఒక ఆడపిల్ల లోపలికి రాలేకపోవడం దోషం కాదా అండి?”

“దానికి శాస్త్రంలో ఏమీ చెప్పలేదమ్మా” అని ఆయన పంచాంగం మూశారు.

ఆ తర్వాత ప్రెసిడెంటుగారే ఒక ఉపాయం చేశారు. మిగిలిన కర్రతో రెండు వాలు చెక్కలు చేయించారు. గడపకి ఇవతలొకటి, అవతలొకటి వేస్తే బండి దాటుతుంది. దాటింది కూడా. ఆ రోజు నేనూ సంతోషించాను. చెక్కలు ఉన్నంతసేపూ మిగతా ఆడవాళ్లు లోపలికి పోవాలంటే వాటి మీదుగానే నడవాలి. అంటే గడప తొక్కినట్టే. అందుకని వచ్చిన ప్రతి మనిషీ వంగి, చెక్కలు తీసి గోడకి ఆనించి, గడప దాటి లోపలికి పోయేది. తిరిగి పెట్టాలని ఎవరికీ తోచేది కాదు. ఆ అమ్మాయి ర్యాంపు మీదకి వచ్చి పిలిచేది. లోపల మిషన్ల హోరులో వినపడేది కాదు. బండి గంట కొట్టేది. ఎవరికో వినపడి వచ్చేదాకా అక్కడే. కొన్నాళ్లకి ఒక చెక్క కనపడలేదు. వెతికితే వీధి కొళాయి దగ్గర, బురదలో కాళ్లు దిగకుండా బట్టలుతికేవాళ్లు వేసుకున్నారు.

అప్పుడు ఆడవాళ్లంతా కలిసి ఇంకో ఏర్పాటు చేశారు. ఆ అమ్మాయి మిషను తెచ్చి బయట అరుగు మీద, ర్యాంపు పైచివర పెట్టారు. కిటికీలోంచి వైరు లాగారు. గాలి, వెలుతురు అన్నారు. ఇంతకన్నా ఏం కావాలన్నారు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. అదే నాకు కోపం. చెడ్డవాళ్లయితే తిట్టిపోసి ఊరుకుందును.

సరిగ్గా అప్పుడే పని చూసి మార్కులెయ్యడానికి ఆఫీసరమ్మ వచ్చింది. ర్యాంపు మీద మూడు చక్రాల బండి, పక్కన మిషను, తలొంచుకుని కుడుతున్న మనిషి. ఆవిడకి కళ్ళు చెమర్చాయి. ఫోటో తీసుకుంది. మా ఊరిదే అన్నిటికన్నా బాగుందని మాస్టారితో అంటూ కాగితం నా ముందు పెట్టి, సంతకం పెట్టమంది.

“ఏం రాశారో చదవండి” అన్నాను మాస్టారితో.

“ర్యాంపు కట్టారా, కట్టారు. వాలు సరిపోయిందా, సరిపోయింది. పట్టుకోవడానికి కమ్మీ ఉందా, ఉంది. అంతేనండి.”

“లోపలికి వెళ్లగలుగుతోందా అని ఎక్కడుంది?”

మాస్టారు కాగితం తిరగేసి చూశారు. “లేదండి. ర్యాంపుంటే వెళ్లగలిగినట్టే కదాండీ.”

“ఏదీ, వెళ్లమనండి. ఆ అమ్మాయి లోపలికి వెళ్లాక సంతకం పెడతాను.”

ఆ అమ్మాయి మిషను ఆపింది. ఆఫీసరమ్మ నన్ను కాస్త పక్కకి పిలిచి మెల్లిగా చెప్పింది. “గడప మీ ఆచారం కదండి మామ్మగారూ. ఆచారాల జోలికి పోవద్దని మా పైవాళ్లు గట్టిగా చెప్పారండి. మా రూల్సులో ర్యాంపు వరకే ఉంది.”

“గుమ్మం దాకా వచ్చి ఆగే రూలు ఎవరు రాశారమ్మా?”

“నాకు తెలీదండి. నేను ఉద్యోగం చేసుకుంటున్నాను.”

ఆవిడ మీద ఎందుకు అరవాలి? నేను సంతకం పెట్టలేదు. మూడింట్లో రెండు సంతకాలు చాలని అప్పుడు తెలిసింది. మాస్టారు నా మొహం చూడకుండా పెట్టేశారు. “ఏం చేస్తామండి, ఇది ఆపితే మిగతా ఊళ్ళవి కూడా ఆగుతాయి. వాళ్లేం పాపం చేశారు?” అన్నారు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. ప్రతివాళ్ల మాటలోనూ ఎంతో కొంత న్యాయం ఉంది. గడప మాత్రం అంగుళం కదల్లేదు.

కొన్నాళ్లకి మా ర్యాంపుని చూసి నేర్చుకోవడానికి పక్క ఊళ్ళ నుంచి మనుషులొచ్చారు. గుమ్మం బాగుంది, వడ్రంగి ఎవరని అడిగారు. నేను మొహం తిప్పుకుని వచ్చేశాను.

వానలు పట్టాయి. అరుగు మీదకి జల్లు కొట్టేది. కరెంటు మిషను తడవకూడదు కదా, మబ్బు పట్టగానే నలుగురూ వచ్చి మిషనుని లోపలికి మోసేవారు. మిషను గడప దాటేది. ఆ అమ్మాయి బండి తిప్పుకుని తడుస్తూ ఇంటికి పోయేది. ఒకరోజు వాన వెలిశాక నేను వెళ్లి, ఇదేం కర్మే నీకు అని అన్నాను.

“వాన సంగతి సరేనండి మామ్మగారూ” అంది. “లోపల వాళ్లు ఏదో అనుకుని నవ్వుకుంటారు. నాకు సగమే వినపడుతుంది. ఏంటే అని కిటికీలోంచి అడిగితే, ఏం లేదులే అంటారు. రోజూ కిటికీలోంచి ఎన్నిసార్లని అడగను?”

ఆ తర్వాతి వారం నుంచి రావడం మానేసింది. టౌన్లో బజారు వీధిలో ఒక టైలరు షాపులో చేరిందని తెలిసింది. ఆ మిషను ఇంకొకరికి ఇచ్చారు. ఆవిడ కుట్టిన కాలర్లు ఒక పక్కకి తిరిగేవి. యూనిఫారాలు వెనక్కొచ్చాయి. అప్పుడు ప్రెసిడెంటుగారు మా ఇంటికొచ్చారు. మా ఇంటాయన ఆయనకి కుర్చీ వేసి, “రండి, మా గడప దాటి రండి” అన్నారు. ప్రెసిడెంటుగారు విననట్టు ఊరుకుని నా వైపు తిరిగారు.

“మీరు చెబితే వింటుందండి మామ్మగారూ. ఒకసారి వెళ్లి రమ్మని చెప్పండి. ఊరి పరువు పోతోంది.”

బస్సెక్కకుండా కాలవగట్టు మీద నడిచి వెళ్లాను. ఆ రోడ్డు మీద ధాన్యం లారీలు మనిషిని లెక్క చెయ్యకుండా పోతాయి. రోజూ రెండు పూటలా ఆ లారీల పక్కన చేతులతో బండి తిప్పుకుంటూ వస్తోందా అని నాకు ఒళ్ళు మండింది. నేను వెళ్లేసరికి షాపు అప్పుడే తెరుస్తున్నారు. యజమాని ఇనప షట్టరు పైకి నెట్టాడు. కింద రోడ్డూ గచ్చూ ఒకే ఎత్తున ఉన్నాయి. ఆ అమ్మాయి బండి ఆగకుండా లోపలికి వెళ్లిపోయింది. మిషను దగ్గర బ్రేకు వేసుకుని దారం ఎక్కించుకుంటూ నన్ను చూసింది.

“కూర్చోండి మామ్మగారూ. చెమటలు పడుతున్నాయి.”

“ఇక్కడ ఎలా ఉంది?”

“జీతం తక్కువేనండి. చేతులు నొప్పులు. పనివాళ్లు ఏదన్నా అనుకుంటే నాకూ వినపడుతుంది.”

“మనూరికి వస్తావా?”

“గడప కోశారా?”

“లేదు.”

“కోశాక అడగండి” అంది. మాట కటువుగా లేదు. తలొంచుకుని కుట్టుకోవడం మొదలుపెట్టింది.

తిరిగొచ్చి, ఇంటికి పోకుండా తిన్నగా ప్రెసిడెంటుగారింటికి నడిచాను. ఆయన వీధరుగు మీదే పేపరు చదువుకుంటున్నారు. నేను వస్తున్న తీరు చూసి, ఇప్పుడే వస్తానంటూ లేచి, గడప దాటి లోపలికి వెళ్లిపోయారు. నేను ఆ అరుగు మీద కూర్చున్నాను. ఎప్పటికైనా బయటికి రావాలి కదా.